పగ తీరింది... పసివాడేం చేశాడు?

డిగ్రీ చదివే రోజుల్లో 'కౌంట్ ఆఫ్ మాంటీక్రిస్టో' చదివి, ఎడ్మండ్ డాంటే పగ తీర్చుకుంటుంటే చప్పట్లు కొట్టినంత పని చేశాను. 1844-46 మధ్య అలెగ్జాండర్ డ్యూమా పత్రికలో సీరియల్‌గా రాసిన నవల అది. చేయని నేరానికి 14 ఏళ్లు చీకటికొట్లో మగ్గినవాడు పగబడితే తప్పేముంది?

మొన్న రామన్నపేటలో మా ఇంట్లో కూర్చుని మళ్లీ చదివాను. ఈసారి చప్పట్లు రాలేదు. శత్రువు విల్‌ఫోర్ భార్యకు విషాల సంగతులు చెప్పింది డాంటేనే. చివరికి ఆమె తాను విషం తాగి, చిన్న కొడుకునీ చంపేస్తుంది. ఆ పసివాడి శవాన్ని చూశాకే డాంటేకు తన న్యాయం మీద అనుమానం వస్తుంది. ఆఖరి శత్రువు డాంగ్లార్‌ను క్షమించి వదిలేస్తాడు.

పుస్తకం మూశాక మా ఇల్లే గుర్తొచ్చింది. ఓ పెళ్లిలో అన్న మాటకు మా యారాలితో ఆరేళ్లుగా నాకు మాటల్లేవు. తప్పు ఆమెదే, ఇప్పటికీ అదే అంటాను. కానీ పిల్లలు ఒకరింటికొకరు పోవడం మానేశారు. ఆ మాట అన్నదీ వాళ్లు కాదు, పడ్డదీ వాళ్లు కాదు.

సద్దుల బతుకమ్మ నాడు మలీద ముద్దలు పట్టుకుని, పిల్లలతో వాళ్ల గడప తొక్కాను. యారాలు నాతో ఏమీ అనలేదు. పిల్లలకు మాత్రం పీటలు వేసింది.

మీ ఇంట్లోనూ ఇలాంటి పాత బాకీ ఉంటే, దానికి వడ్డీ ఎవరు కడుతున్నారో ఒక్కసారి చూడండి.