పరదేశీయుడైన నిందితుడును న్యాయస్థానమును



మన ప్రజలను చంపుటకు కుట్ర పన్నినాడని అనుమానింపబడిన పరదేశీయు డొకడు చేజిక్కినయెడల, వానికి న్యాయస్థానము నాశ్రయించు హక్కు కలదా? చంపవచ్చినవానికి విచారణ యేల, వకీలేల యని లోకులు ప్రశ్నింతురు. ఆ ప్రశ్న కోపమునుండి పుట్టినదైనను త్రోసిపుచ్చదగినది కాదు. ఈ విషయమున ఉదారవాదు లనబడు రాజనీతిజ్ఞుల అభిప్రాయమును, వారిలో వారికి గల భేదమును నేడు విన్నవించెదను.

ఉదారవాదమనగా దానధర్మములు చేయు ఔదార్యము కాదు. మనుష్యుని ప్రాణము, స్వేచ్ఛ, సొత్తు అనునవి ప్రభుత్వ మొసగిన వరములు కావనియు, వానిని కాపాడుటకే ప్రభుత్వ మేర్పడినదనియు, అట్టి ప్రభుత్వమునకు సైతము శాసనమను పగ్గ ముండవలెననియు చెప్పు మతము. ఇంగ్లండు దేశీయుడగు జాన్ లాకు, అమెరికా రాజ్యాంగనిర్మాతలలో ముఖ్యుడగు జేమ్సు మాడిసను ఈ మతమునకు పెద్దలు.

వీరు మిక్కిలి గౌరవించు సాధన మొకటి కలదు. దానికి హేబియస్ కార్పస్ అని లాటిను భాషలో పేరు. ఒకని నిర్బంధించిన అధికారిని న్యాయాధిపతి పిలిచి, “వానిని నాయెదుట నిలుపుము, ఏ శాసనమునుబట్టి బంధించితివో చెప్పుము” అని ఆజ్ఞాపించుటయే దాని స్వరూపము. 1679లో ఇంగ్లండు పార్లమెంటు చట్టము చేసి దీనిని బలపరచెను. ఇది ఖైదీని విడిపించు మంత్రము కాదు. చెప్పిన కారణము సరియైనదైనచో వాడు మరల చెరసాలకే పోవును. ధర్మశాస్త్రవేత్త బ్లాక్‌స్టను అభిప్రాయమున, ప్రభుత్వ మొకని బహిరంగముగా చంపించినచో దేశమంతయు ఉలికిపడును. రహస్యముగా చెరబెట్టినచో ఎవ్వరికిని తెలియదు. కావున రెండవదియే అధికముగా అపాయకరము.

ఇక కథాంశము. 2001 సెప్టెంబరు 11వ తేదీన ఉగ్రవాదులు నాలుగు విమానముల నపహరించి అమెరికాలో దాదాపు 3,000 మందిని బలిగొనిరి. తరువాత సాగిన యుద్ధములో పట్టుబడినవారిని, అనుమానితులను, 2002 జనవరి 11 మొదలుకొని క్యూబా ద్వీపమందలి గ్వాంటనామో నౌకాస్థావరమునకు కొనిపోయిరి. ఆ స్థలమును అమెరికా 1903లో క్యూబానుండి కౌలునకు పుచ్చుకొన్నది. నేల క్యూబాది, పెత్తనము అమెరికాది. కావున అమెరికా న్యాయస్థానముల అధికార మచట చెల్లదని ప్రభుత్వము వాదించెను. మొత్తముమీద దాదాపు 780 మంది అచట నిర్బంధింపబడిరి.

మన శాస్త్రకారుల పద్ధతి ననుసరించి ముందు పూర్వపక్షమును వినవలెను. ఉదారవాదులలోనే కొంద రిట్లందురు: “రాజ్యాంగము పౌరులు తమలో తాము చేసికొన్న ఒడంబడిక. అందు చేరనివానికి దాని ఫలమేల? ప్రజారక్షణము ప్రభుత్వముయొక్క ప్రథమధర్మము. అన్యాయముగా యుద్ధమునకు దిగినవాడు క్రూరమృగముతో సమానుడని లాకు సైతము చెప్పెను. యుద్ధభూమిలో సైనికుడు సాక్షులను, దస్తావేజులను కూర్చుకొనగలడా? 1950లో అమెరికా అత్యున్నత న్యాయస్థానము, జర్మనీలో చెరయందున్న శత్రుదేశీయుల కీ హక్కు లేదనియే తీర్పు చెప్పినది కదా!” పిడుగునకును బియ్యమునకును ఒకే మంత్రమా యనుట వీరి వాదసారము. విడువబడినవారిలో కొందరు మరల ఆయుధములు పట్టిరనుటయు నిజమే.

ఈ వాదమున బలము కలదు. దీనికి రెండవ పక్షము చెప్పు సమాధానములు మూడు.

మొదటిది. 1798లో అమెరికాలో, అపాయకరులని తనకు తోచిన పరదేశీయులను విచారణ లేకయే వెడలగొట్టు అధికారమును అధ్యక్షున కొసగు చట్టము పుట్టెను. దానిని ఖండించుచు మాడిసను 1800లో ఇట్లు వాదించెను: పరదేశీయుడు ఒడంబడికలో చేరనంతమాత్రమున హక్కులేనివాడు కాడు, మన శాసనమునకు లోబడి యుండువానికి మన శాసనముయొక్క రక్షణయు నుండవలెను. 1886లో సాన్ ఫ్రాన్సిస్కో నగరమున బట్టలుతుకు వృత్తిచే జీవించు చీనాదేశీయుని వ్యాజ్యెమున అత్యున్నత న్యాయస్థానము, రాజ్యాంగము “పౌరుడు” అనక “వ్యక్తి” అనినచోట ఆ రక్షణ పరదేశీయునకును చెందునని నిర్ణయించెను.

రెండవది ముఖ్యమైనది. లాకు చెప్పిన మాట నిజముగా యుద్ధమునకు దిగినవానికి వర్తించును. వీడు దిగినవాడా కాదా యనునదియే యిచట తేలవలసిన అంశము. సైనికవేషమున పట్టుబడినవాని విషయమున పొరపాటు అరుదు. ఉగ్రవాదికి వేషము లేదు, గుర్తు లేదు. కావున పొరపాటునకు అవకాశము మెండు. పొరపాటు మెండైనచోట పరీక్ష తగ్గింపవలెననుట యుక్తియుక్తము కాదు. హక్కు కోరుచున్నది ఉగ్రవాదికై కాదు. ఉగ్రవాది యని పిలువబడినవానికి.

మూడవది. పరిమితిలేని అధికారము పరదేశీయునియొద్ద ఆగదు. 2002లో షికాగో విమానాశ్రయమున పట్టుబడిన అమెరికా పౌరునే, శత్రుయోధుడని పేరుపెట్టి, మూడేండ్లకు పైగా నేరారోపణ లేక సైనికనిర్బంధమున నుంచిరి.

ఈ వివాదము లఖ్దర్ బూమెదీన్ అనువాని వ్యాజ్యెమున పరాకాష్ఠ నొందెను. అల్జీరియాలో పుట్టిన ఈతడు బోస్నియాలో రెడ్ క్రెసెంటు సంస్థయందు పనిచేయుచుండెను. అమెరికా రాయబారకార్యాలయముపై దాడికి కుట్ర పన్నినారని 2001లో ఇతనిని, మరి అయిదుగురిని అచట పట్టుకొనిరి. సాక్ష్యము లేదని 2002 జనవరిలో బోస్నియా న్యాయస్థానము విడువుమనగా, వారిని అమెరికావారి కప్పగించిరి; వారు గ్వాంటనామోకు పంపిరి. 2006లో అమెరికా శాసనసభ అట్టివారికి హేబియస్ కార్పస్ మార్గమును మూసివేయు చట్టము చేసెను. 2008 జూన్ 12న అత్యున్నత న్యాయస్థానమున అయిదుగురు న్యాయమూర్తులు ఆ చట్టభాగము చెల్లదనిరి, నలుగురు కాదనిరి. తిరుగుబాటుగాని దండయాత్రగాని ఉన్నప్పుడు తప్ప ఆ హక్కును నిలుపరాదని రాజ్యాంగము చెప్పుచున్నదనియు, పెత్తనము తనదైన స్థలమున శాసనము మాత్రము తనది కాదని ప్రభుత్వము తప్పించుకొనరాదనియు మెజారిటీవారి భావము.

తరువాత జరిగినది గమనింపదగినది. సాక్ష్యము చూపవలసివచ్చినప్పుడు, రాయబారకార్యాలయపు కుట్ర యను మూలారోపణమును ప్రభుత్వమే విడిచిపెట్టెను. ఆఫ్‌గనిస్థానమునకు పోయి యుద్ధము చేయనుద్దేశించిరను మరియొక ఆరోపణకు పేరు తెలియని ఒకేయొకని మాట ఆధారమని తేలగా, ఆ నవంబరులో న్యాయమూర్తి అయిదుగురిని విడువుమనెను. ఆరవవానిపై తగిన ఆధార మున్నదని నాడు నిర్ణయించెను. 2010లో పైన్యాయస్థానము ఆ యంశమును మరల పరిశీలింపుమనెను. బూమెదీన్ 2009లో ఫ్రాన్సు చేరెను. ఏడేండ్లు గడచిపోయినవి.

మన దేశముననే మరియొక దృష్టాంతము కలదు. 2008 నవంబరులో బొంబాయి నగరముపై దాడిచేసి 166 మందిని చంపినవారిలో ప్రాణములతో చిక్కినవాడు పాకిస్తానీయుడగు కసబు. వానికి న్యాయస్థానములే న్యాయవాదుల నేర్పరచినవి. మూడు న్యాయస్థానములు సాక్ష్యమును పరిశీలించినవి. 2012 నవంబరు 21న వాని నురిదీసిరి. ఆ వ్యాజ్యెముననే వానితో కూడ నిందింపబడిన భారతీయు లిద్దరిపై సాక్ష్యము చాలదని మూడు న్యాయస్థానములును నిర్దోషులనినవి. ఒకే త్రాసు ఒకవైపు దోషిని, మరియొకవైపు దోషము రుజువు కానివారిని తూచినది. విచారణయే లేకున్నచో ఈ భేదము మన కెట్లు తెలియును?

గ్రామమున పశువు పోయినది. ఊరికి క్రొత్తగా వచ్చిన బాటసారిని పట్టి తెచ్చిరి. ఊరివాడు కాడు, వానికై మాటాడు బంధువు లేడు. అట్టిచోటనే పెద్దలైనవారు, “ఎవరు చూచిరి? ఏమి చూచిరి?” అని మరింత శ్రద్ధతో అడుగుదురు. ఏలయన, తప్పువానిని దండించినచో నిజమైన దొంగ మరల రాత్రి తిరుగును. ఉదారవాదులలో రెండవ పక్షమువారు రాజ్యములను కోరునది ఈపాటి శ్రద్ధయే.

2025 జనవరిలో గ్వాంటనామోలో అట్టి నిర్బంధితులు 15 మంది మిగిలియుండిరి. ఇరువదిమూడేండ్ల పిమ్మటను కొంద రేయారోపణయు లేకయే యుండిరి. భయము గలవేళ ఏర్పడిన నిర్బంధము భయము తీరినపిదపను తనంతట తాను సడలదనుటకు ఇంతకన్న నిదర్శన మక్కరలేదు. దానిని సడలింపగలది, కారణ మడుగు అధికారము గల న్యాయాధిపతి యొక్కడే.