మొక్కజొన్న దేవుడి పోలికలు

మెక్సికోలోని పాలెంకె శిథిలాల్లో శాసనాల ఆలయం అడుగున ఉన్న సమాధిని 1952లో ఆల్బెర్టో రూజ్ అనే పురావస్తు శాస్త్రవేత్త తెరిపించాడు. అందులో ఉన్నది క్రీ.శ. 683లో చనిపోయిన మాయా రాజు పకాల్. రాతి శవపేటిక కింద గచ్చుతో మలిచిన శిరస్సులు దొరికాయి. వాటిలో ఒకదాన్ని పక్కనుంచి చూస్తే ముక్కు కొస నుంచి నడినెత్తి దాకా ఒకటే వాలు. నుదురు వెనక్కి ఒరిగింది, తల పొడవుగా సాగింది. జుట్టు మొక్కజొన్న ఆకుల్లా పైకి లేచి ముందుకు వంగింది.

అది శిల్పి కల్పన అనుకోనక్కర్లేదు. మాయా సమాధుల్లో ఇలా రూపు మార్చిన పుర్రెలు వందల్లో బయటపడ్డాయి. దేవతలు మొక్కజొన్న పిండితో మనిషిని చేశారని మాయాల నమ్మకం. వాళ్ల శిల్పాల్లో మొక్కజొన్న దేవుడు నిత్య యౌవనుడు, కండెలా పొడుగాటి తల ఉన్నవాడు. అందగాడంటే ఆయనే. ఆ పోలికలు పుట్టుకతో రావు కాబట్టి వాళ్లు చేత్తో తెచ్చుకున్నారు.

దానికి శరీరమే వీలు కల్పించింది. పసికందు పుర్రె ఒకే ఎముక కాదు. విడివిడి పలకల మధ్య అతుకులు ఇంకా గట్టిపడవు, మాడు మెత్తగా ఉంటుంది. మొదటి ఏడాదిలో మెదడు వేగంగా పెరుగుతూ ఆ పలకలను బయటికి నెడుతుంది. నుదుటినీ వెనక తలనీ అదిమి ఉంచితే పెరుగుదల ఆగిపోదు, ఖాళీ ఉన్న వైపుకు మళ్లుతుంది. అందుకే తల ఆకారం మారినా మెదడుకు చోటు పెద్దగా తగ్గదు.

16వ శతాబ్దంలో మాయాల ప్రాంతమైన యుకటాన్‌లో పనిచేసిన స్పెయిన్ మతగురువు డియెగో డి లాండా ఈ పద్ధతిని రాసిపెట్టాడు. బిడ్డ పుట్టిన నాలుగైదు రోజులకే చిన్న పుల్లల పడక మీద పడుకోబెట్టి, తలను రెండు చెక్కల మధ్య బిగించి, కొన్ని రోజులు అలాగే ఉంచేవారట. కొందరు పిల్లలు చావుబతుకుల్లో పడేవారనీ, ఒక బిడ్డకు చెవుల వెనక గాయాలై రంధ్రాలు పడగా కళ్లారా చూశాననీ రాశాడు. తల్లులు పిల్లల కనుబొమల మధ్య ఏదో ఒకటి వేలాడదీసి మెల్లకన్ను వచ్చేలా చేసేవారని కూడా ఆయనే చెప్పాడు. మాయాల సూర్యదేవుడిదీ మెల్లకన్నే.

ఈ తలలు రాజకుటుంబాల గుర్తని ఒకప్పుడు అనుకునేవారు. సామాన్యుల ఇళ్ల నేలల కింద పూడ్చిన అస్థిపంజరాలు ఆ ఊహను చెరిపేశాయి. ఊరూ కాలమూ మారితే తల తీరు మారింది గానీ, అలవాటు మాత్రం అన్ని వర్గాల్లోనూ ఉండేది.

పళ్ల సంగతి వేరు. పాలపళ్లు ఊడి, శాశ్వత దంతాలు పూర్తిగా ఎదిగాకే సాధారణంగా వాటి జోలికి వెళ్లేవారు. కొందరు ముందు పళ్లను అరగదీయించుకుని రంపపు పళ్లలా చేసుకునేవారు. మరికొందరు వాటిలో జేడ్, పైరైట్, హెమటైట్ రాళ్లు పొదిగించుకునేవారు. గొట్టం లాంటి పనిముట్టును తడి ఇసుకపొడితో గిరగిరా తిప్పితే, అందులోని స్ఫటిక రేణువులు ఎనామెల్‌ను మెల్లగా అరగదీసేవి. మిగిలే గుంట ముక్కుపుడక రాయంత. ఇంకాస్త లోతుకు పోతే నరాలూ రక్తనాళాలూ ఉండే పల్ప్ దెబ్బతింటుంది. అలా చీము పట్టిన దవడలూ దొరికాయి. అయినా చాలామంది ఆ పళ్లతోనే ఏళ్ల తరబడి బతికారు.

రాయిని పట్టి ఉంచిన జిగురు ఇంకా ఆసక్తికరం. 2022లో వెలువడిన ఒక రసాయన విశ్లేషణలో ఆ జిగురులో చెట్ల బంకల ఆనవాళ్లు కనిపించాయి. వాటిలో కొన్నిటికి సూక్ష్మక్రిములను అడ్డుకునే గుణం ఉంది. వెయ్యేళ్ల తర్వాత కూడా చాలా రాళ్లు పళ్లలోంచి ఊడలేదు.

మెరిసే పళ్లంటే మాయాలకు ఎంత మోజో, అంత పరిహాసం కూడా. వాళ్ల పురాణగాథ పోపోల్ వూలో రత్నాల పళ్లు చూసుకుని మిడిసిపడే ఒక పక్షి ప్రభువు ఉన్నాడు. దొంగ వైద్యులు అతడి పళ్లు పీకి, వాటి చోట తెల్లని మొక్కజొన్న గింజలు అమర్చారు. దాంతో అతడి వైభవమంతా పోయి ప్రాణమే పోయింది.

పుర్రె అతుకులు గట్టిపడ్డాక తల తీరు మార్చలేం. అందుకే అది తల్లి ఒడిలో జరిగిన నిర్ణయం. పన్ను మీద పని పెద్దయ్యాక, నొప్పి ఎలా ఉంటుందో తెలిసి ఒప్పుకున్నది. పురావస్తు శాస్త్రజ్ఞులకు ఈ తేడా చాలా ఉపయోగం. ఒకే అస్థిపంజరంలో ఆ మనిషి పెరిగిన ఇంటి ఆచారాన్ని పుర్రె చెబుతుంది, ఆ తర్వాత తను కోరుకున్న రూపాన్ని పళ్లు చెబుతాయి. ఆ రెండూ ఎక్కడ కలవవో అక్కడే ఒక వలసో, పెళ్లో, మారిన హోదానో ఉండొచ్చని వాళ్లు వెతకడం మొదలుపెడతారు.