మూగజీవి మొర

గత నెలలో ఒక సాయంత్రం, అస్ర్ నమాజు ముగిసిన తరువాత, మా మదరసాలో హిఫ్జ్ చేస్తున్న ఒక బాలుని తల్లి కుమారునితో కలసి నా వద్దకు వచ్చారు.

"మౌలానా సాబ్! మా ఇంటి పిల్లి ఇసుక తొట్టె విడిచి జానమాజు మీద మూత్రం పోసింది. ఈ వారంలో ఇది మూడవసారి. ఎంత కడిగినా శుద్ధి అయిందో లేదోనన్న అనుమానం. దానిని గోనెసంచిలో వేసి ఊరవతల వదిలి వస్తానని మా వారు అంటున్నారు. అలా చేయవచ్చునా?"

ఆమె వెనుక నిలబడిన పిల్లవాని కళ్ళు ఎర్రబడి ఉన్నాయి.

ఆమె అడిగినవి రెండు ప్రశ్నలు. ఒకటి తహారత్‌కు సంబంధించినది, రెండవది ఒక ప్రాణికి సంబంధించినది. ఈ రెంటికంటే ముందు అడగవలసిన ప్రశ్న మరొకటుంది: ఆ పిల్లి ఎందుకలా చేస్తోంది? నేను పిల్లవాని వైపు తిరిగి, అది మగదా ఆడదా, తొట్టెలో కూర్చున్నప్పుడు ఎలా ఉంటోందని అడిగాను.

"మగదే ఉస్తాద్. పొద్దుటి నుంచి మాటిమాటికీ తొట్టెలో కూర్చుంటోంది, అరుస్తోంది. చుక్క కూడా రావడం లేదు" అన్నాడు.

నా గుండె ఝల్లుమన్నది. చాలా ఏళ్ళ క్రితం మా ఇంట్లోనూ ఒక మగపిల్లి ఉండేది. అది కూడా తొట్టె మాని గదుల మూలల్లో కూర్చోవడం మొదలుపెట్టింది. నేను దానిని అదిలించాను. ఒకసారి చీపురు కూడా విసిరాను. మూడవ రోజు అది తిండి మానివేసి, వాంతులు చేసుకొని, బియ్యం బస్తా వెనుక చనిపోయి కనిపించింది. మూత్రమార్గం మూసుకుపోయి ఉంటుందని తరువాత ఒక పశువైద్యుడు చెప్పాడు. కారుణ్యాన్ని గురించిన హదీసులను పిల్లలకు బోధించే నేను, నా ఇంట్లోని ప్రాణి మొరను వినలేకపోయాను.

అందుకే ఆమెతో, "అమ్మా! మసాయిల్ రేపు మాట్లాడుకుందాం. ముందు ఈ రాత్రే దానిని పశువైద్యుని వద్దకు తీసుకువెళ్ళండి" అన్నాను. మరునాడు ఆమెకు వివరించిన సంగతులనే ఇక్కడ పాఠకుల ముందుంచుతున్నాను.

అది పగ కాదు

పిల్లి స్వభావతః శుభ్రతను కోరుకునే జంతువు. మట్టి తవ్వి విసర్జించడం, దానిని మట్టితోనే కప్పివేయడం అల్లాహ్ దానికి నేర్పిన పద్ధతి. అటువంటి ప్రాణి తన అలవాటును విడిచిందంటే దానికి కారణం ఉండి తీరుతుంది. "కోపంతో చేసింది", "మనమీద కక్ష తీర్చుకుంటోంది" అని మనం అనుకోవడం పొరపాటు.

మూత్రాశయంలో వాపు గాని, రాళ్ళు గాని ఉన్నప్పుడు మూత్రం పోయడం బాధాకరమవుతుంది. తొట్టెలో నొప్పి కలిగింది కనుక పిల్లి ఆ తొట్టెనే తప్పించుకొని, మెత్తని చోటు వెదుక్కుంటుంది. అది పరుపు కావచ్చు, దుప్పటి కావచ్చు, జానమాజు కావచ్చు. మధుమేహం, మూత్రపిండాల వ్యాధి ఉన్న పిల్లి ఎక్కువగా నీరు త్రాగి ఎక్కువగా మూత్రం పోస్తుంది. కీళ్ళనొప్పులున్న ముసలి పిల్లి ఎత్తైన అంచును దాటి తొట్టెలోకి దిగలేదు.

వీటన్నింటిలో ప్రమాదకరమైనది మగపిల్లికి మూత్రం బంధించడం. దాని మూత్రమార్గం చాలా సన్ననిది. అది మూసుకుపోతే ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం పోవచ్చు. మాటిమాటికీ కూర్చొని ముక్కడం, చుక్కలు మాత్రమే రావడం లేక అసలు రాకపోవడం, రక్తం కనిపించడం, అరవడం, వాంతులు, ఇవన్నీ హెచ్చరికలు. తెల్లవారే దాకా చూద్దామని ఆగకూడదు. ఇంట్లో ఉన్న నొప్పి మాత్ర వేయకూడదు. మనుషులకు వాడే పారాసిటమాల్ పిల్లికి విషం.

పిల్లి నిలబడి, తోక పైకెత్తి, గోడమీద చిమ్మితే అది వేరే సంగతి. ఇది నా హద్దు అని గుర్తు వేసుకునే పద్ధతి అది. శస్త్రచికిత్స చేయించని మగపిల్లులలో ఇది ఎక్కువ. ఆ చికిత్స తరువాత చాలా పిల్లులు ఈ అలవాటును మానివేస్తాయి. జంతువులకు ఈ చికిత్స చేయించే విషయంలో ఉలమాల మధ్య అభిప్రాయభేదం ఉంది. ప్రయోజనం ఉన్నప్పుడు హనఫీ ఫిఖహ్‌లో దీనికి అనుమతి ఉంది. సందేహమున్నవారు తమ ప్రాంతపు ముఫ్తీని సంప్రదించాలి.

తొట్టెలో లోపం ఉందేమో చూడండి

వ్యాధి లేదని వైద్యుడు చెప్పిన తరువాత మన ఏర్పాట్లను పరిశీలించుకోవాలి. మురికి మరుగుదొడ్డిలో అడుగుపెట్టడానికి మనమే వెనుకాడుతాము. పిల్లి మాత్రం మూడు రోజుల నాటి ఇసుకలో కూర్చోవాలని ఆశిస్తాము! ప్రతిరోజూ మలినాన్ని తీసివేయాలి. గర్భవతులు ఈ పని చేయకూడదు. పిల్లి మలం ద్వారా సోకే టాక్సోప్లాస్మా కడుపులోని బిడ్డకు హాని చేస్తుంది.

తొట్టె పిల్లి సులువుగా తిరగగలిగినంత వెడల్పుగా ఉండాలి. తిండి గిన్నెకు దూరంగా, వాషింగ్ మెషిన్ వంటి చప్పుళ్ళు లేని మూలలో ఉంచాలి. పరిమళం కలిపిన ఇసుక మన ముక్కుకు హాయి గాని పిల్లికి కాదు. ఎన్ని పిల్లులుంటే అంతకంటే ఒక తొట్టె ఎక్కువ ఉండాలన్నది పశువైద్యులు చెప్పే నియమం.

ఇల్లు మారడం, కొత్త పిల్లి రావడం, పసిబిడ్డ పుట్టడం, పెళ్ళి సందడి, వీటివల్ల కూడా పిల్లి బెదురుతుంది. దానికి కొన్నాళ్ళు ఒక ప్రశాంతమైన మూల, వేళకు తిండి చాలు.

శుద్ధి సంగతి

హజ్రత్ అబూ ఖతాదా (రజి) తన వుజూ నీటిని పిల్లి త్రాగడానికి పాత్రను వంచి పెట్టారనీ, పిల్లి అపవిత్రమైనది కాదనీ, అది మన చుట్టూ తిరుగాడే ప్రాణులలో ఒకటనీ దైవప్రవక్త (స) తెలిపినట్లు వివరించారనీ హదీసు గ్రంథాలలో ఉంది. దీనిని విని కొందరు పిల్లి మూత్రం కూడా శుద్ధమేననుకుంటారు. అది సరికాదు. ఆ మాట దాని ఎంగిలికి సంబంధించినది. మూత్రం నజాసత్తే.

హనఫీ విధానంలో వస్త్రాన్ని మూడుసార్లు కడిగి, ప్రతిసారీ పిండాలి. పిండడానికి వీలుకాని తివాచీ వంటిదైతే నీరు పోసి, కారడం ఆగిన తరువాత మళ్ళీ పోయాలి. ఇలా మూడుసార్లు చేస్తే అది శుద్ధమవుతుంది. ఆపైన కూడా పోని వాసనను గురించి అనుమానాలతో మనసును పీడించుకోనక్కరలేదు.

అయితే మన నమాజుకు శుద్ధమైన చోటు పిల్లి ముక్కుకు ఇంకా పాత వాసన వేస్తూనే ఉండవచ్చు. ఆ వాసనే దానిని మళ్ళీ అక్కడికి పిలుస్తుంది. అందుకే ఎంజైములు కలిసిన ద్రావణంతో శుభ్రం చేయడం మంచిది. అమ్మోనియా ఉన్నవి వాడకూడదు, అది మూత్రపు వాసననే పోలి ఉంటుంది. ఫినాయిల్ కూడా వద్దు. దానిలోని ఫినాల్ జాతి రసాయనాలు పిల్లి పాదాలకు అంటి, అది నాకినప్పుడు కడుపులోకి వెళ్ళి విషమవుతాయి. ఆ మరక మాసేదాకా జానమాజును మడిచి అల్మారాలో పెట్టుకోవడం అన్నింటికంటే సులువు.

కొట్టడం, వదిలివేయడం

ఒక పల్లెవాసి మస్జిదె నబవీలో మూత్రం పోయసాగినప్పుడు సహాబాలు అతనిపైకి లేచారు. దైవప్రవక్త (స) వారిని వారించి, అతనిని మధ్యలో ఆపనీయక, తరువాత ఆ చోట ఒక చేద నీళ్ళు పోయించి, అతనికి మృదువుగా బోధించారు. తెలియక చేసిన మనిషి పట్లనే అంతటి సహనం చూపినప్పుడు, తెలివి లేని మూగజీవి ముక్కును మూత్రంలో రుద్దడం, దానిని కొట్టడం మనకెలా తగుతుంది? పైగా భయపడిన పిల్లి మరింత చాటుచోట్లలో మూత్రం పోస్తుందే తప్ప మారదు.

ఇక గోనెసంచి. ఇంట్లో పెరిగిన పిల్లికి కుక్కల మధ్య, వాహనాల మధ్య తిండి సంపాదించుకోవడం రాదు. పిల్లిని బంధించి, తిండి పెట్టక, దానిని వెదుక్కోనీయక చంపిన స్త్రీ నరకశిక్షకు గురైందన్న హదీసు మనకు తెలియనిది కాదు. పెంచడం నిజంగా సాధ్యం కాకపోతే, దాని అవసరాలు తెలిసిన ఇంటిని వెదికి అప్పగించడం మన బాధ్యత.

ఆ రాత్రి వైద్యుడు సన్నని గొట్టం వేసి మూత్రం తీయించాడట. నాలుగు రోజుల తరువాత పిల్లవాడు సబక్ వినిపించడానికి వచ్చి, పాఠం మొదలుపెట్టకముందే, "ఉస్తాద్! అది తొట్టెలోనే పోస్తోంది" అన్నాడు. అబ్బాజాన్ స్వయంగా వెళ్ళి కొత్త తొట్టె కొని తెచ్చారని కూడా చెప్పాడు.

అల్హమ్దులిల్లాహ్ అన్నాను. బియ్యం బస్తా వెనుక చనిపోయిన మా పిల్లి ఆ క్షణంలో నాకు గుర్తుకు వచ్చింది. తెలియక చేసిన తప్పులను అల్లాహ్ మన్నించుగాక. తెలిసిన తరువాత అదే తప్పు చేయకుండా మనలను కాపాడుగాక. ఆమీన్.