చేశాను.. ‘డిడ్’ అనాలా? ‘హ్యావ్ డన్’ అనాలా?

‘ఐ యామ్ వర్కింగ్ ఇన్ ఎ స్టార్టప్ సిన్స్ సిక్స్ మంత్స్.’ ఫ్రెషర్ల ఇంటర్వ్యూల్లో తరచూ వినిపించే మాట ఇది. చెప్పే అబ్బాయి ఉద్దేశం ఎప్పుడో ముగిసిన ఇంటర్న్‌షిప్ గురించి. వినే హెచ్‌ఆర్‌కు మాత్రం ఇంకా అక్కడే పనిచేస్తున్నట్టు అర్థమవుతుంది. వెంటనే ‘నోటీస్ పీరియడ్ ఎంత?’ అని అడుగుతారు. అక్కడి నుంచి తడబాటు మొదలు. నిజం చెబుతున్నా అబద్ధం చెబుతున్నట్టే ఉంటుంది.

‘ఐ వర్క్‌డ్ దేర్ ఫర్ సిక్స్ మంత్స్’ అంటే ఆర్నెల్లు చేసి బయటికొచ్చేశారు. ‘ఐ హ్యావ్ వర్క్‌డ్ దేర్ ఫర్ సిక్స్ మంత్స్’ అంటే ఇప్పటికీ అక్కడే ఉన్నారు. తేడా ఒక్క ‘హ్యావ్’! ఇక ‘సిన్స్’ తర్వాత మొదలైన సమయం రావాలి: సిన్స్ జూన్. ఎంతకాలమో చెప్పాలంటే ‘ఫర్’.

ఈ చిక్కు మనకే ఎందుకంటే, తెలుగులో ‘చేశాను’ అన్న ఒక్క మాటతో అన్నీ గడిచిపోతాయి. నిన్న చేశాను, ఇప్పుడే చేశాను, ఇంతకుముందు ఎప్పుడో చేశాను.. క్రియ మారదు. పాత గ్రామర్ పుస్తకాలు ‘హ్యావ్ డన్’కి ‘చేసియున్నాను’ అని అర్థం రాసేవి. ఇంట్లో ఎవరైనా ‘నేను భోంచేసియున్నాను’ అంటారా? అందుకే అనువాదం పక్కన పెట్టి ఒక్కటే చూసుకోండి: వాక్యంలో ‘ఎప్పుడు’ అన్నదానికి జవాబుందా? ‘ఇన్ 2024’, ‘లాస్ట్ ఇయర్’, ‘వెన్ ఐ వాజ్ ఇన్ థర్డ్ ఇయర్’ లాంటివి వస్తే పాస్ట్ సింపులే. ‘ఐ హ్యావ్ కంప్లీటెడ్ మై బీటెక్ ఇన్ 2024’ కాదు, ‘ఐ కంప్లీటెడ్’ చాలు.

మంచి జవాబుల్లో రెండూ వరసగా వస్తాయి. ‘హ్యావ్ యు ఎవర్ యూజ్డ్ ఎస్‌క్యూఎల్?’ అని అడిగారనుకోండి. ‘యెస్, ఐ హ్యావ్. ఐ యూజ్డ్ ఇట్ ఇన్ మై ఫైనల్ ఇయర్ ప్రాజెక్ట్. వుయ్ బిల్ట్ యాన్ అటెండెన్స్ సిస్టమ్.’ అనుభవం ఉందని చెప్పడానికి హ్యావ్, వివరాల్లోకి దిగగానే పాస్ట్ సింపుల్. ఇంటర్వ్యూలో సగం జవాబులు ఈ అచ్చులోనే పోస్తాయి.

‘హ్యాడ్’ను మాత్రం స్టైల్ కోసం వాడకండి. గతంలో జరిగిన రెండు విషయాల్లో ముందుదానికే అది. తెలుగులో ‘అప్పటికే’ అన్న మాట సహజంగా పడితే హ్యాడ్ వాడొచ్చు. ‘మేం ల్యాబ్‌కి వెళ్లేసరికి అప్పటికే సర్వర్ క్రాష్ అయింది’.. ‘వెన్ వుయ్ రీచ్డ్ ద ల్యాబ్, ద సర్వర్ హ్యాడ్ ఆల్రెడీ క్రాష్‌డ్.’

ఇక ఊహించి చెప్పడం. ఇక్కడ తెలుగు మనకు అడ్డం కాదు, సాయం. బస్సు వెళ్లిపోయుంటుంది.. మస్ట్ హ్యావ్ లెఫ్ట్. వెళ్లిపోయుండొచ్చు.. మైట్ హ్యావ్ లెఫ్ట్. వెళ్లుండదు.. కాంట్ హ్యావ్ లెఫ్ట్. నమ్మకం ఎంతుందో ముక్కలుగా చెప్పే అలవాటు మనకు ముందే ఉంది.

టెక్నికల్ రౌండ్‌లో ఇది బాగా పనికొస్తుంది. నిన్న తెరుచుకున్న పేజీ ఇవాళ 401 ఎర్రర్ ఇస్తోంది, కారణం చెప్పమన్నారు. ‘ద నెట్‌వర్క్ కాంట్ హ్యావ్ ఫెయిల్డ్’, ఎందుకంటే సర్వర్ నుంచి జవాబు వస్తోంది కదా. ‘ద టోకెన్ మైట్ హ్యావ్ ఎక్స్‌పైర్డ్’, ఇది ఒక అవకాశం. టోకెన్ గడువు 24 గంటలని, యూజర్ లాగిన్ అయి రెండు రోజులైందని తెలిస్తే ‘మస్ట్ హ్యావ్ ఎక్స్‌పైర్డ్’ అనొచ్చు. లాగ్ తెరిచి కళ్లారా చూశాక ఊహ అక్కర్లేదు: ‘ఇట్ ఎక్స్‌పైర్డ్ లాస్ట్ నైట్.’ సమాధానం తప్పయినా మీరు ఆలోచించే పద్ధతి ఇంటర్వ్యూయర్‌కి కనిపిస్తుంది. ‘టోకెన్ ఈజ్ ఎక్స్‌పైర్డ్ సార్’ అని ముందే తేల్చేస్తే ఆ చాన్స్ పోతుంది.

హ్యావ్ తర్వాత ఎప్పుడూ మూడో రూపమే. ‘మస్ట్ హ్యావ్ వెంట్’ కాదు, ‘గాన్’. అన్నట్టు, ‘కుడ్ హ్యావ్’ను వేగంగా పలికితే ‘కుడ్ ఆఫ్’లా వినిపిస్తుంది. మెయిల్‌లో అలాగే రాసేవాళ్లున్నారు, జాగ్రత్త.

సాధనకు రేమండ్ మర్ఫీ ‘ఇంగ్లిష్ గ్రామర్ ఇన్ యూజ్’ చాలు. ఎడమ పేజీలో వివరణ, కుడి పేజీలో ఎక్సర్‌సైజులు. కానీ ఖాళీలు నింపితే నోరు తిరగదు. మీ రెజ్యూమెలో ఒక్కో లైన్ తీసుకోండి. మొదటి వాక్యం హ్యావ్‌తో చెప్పండి. ‘వెన్?’ అని ఫ్రెండ్ అడగాలి, అక్కడి నుంచి పాస్ట్ సింపుల్‌లో రెండు నిమిషాలు మాట్లాడండి. ఫోన్‌లో రికార్డ్ చేసి విని, ఎన్ని ‘హ్యాడ్’లు అనవసరంగా దూరాయో లెక్కపెట్టండి.

ఈ సాయంత్రానికి ఒకటి: పది గంటల ఇంటర్వ్యూకి మీ ఫ్రెండ్ ఇంకా రాలేదు, ఫోన్ స్విచాఫ్, హాస్టల్ గదికి తాళం ఉంది. మస్ట్ హ్యావ్, మైట్ హ్యావ్, కాంట్ హ్యావ్.. మూడింటితో మూడు వాక్యాలు, పైకి చెప్పండి.