కొంచెము చేసి చూపుట

షాద్‌నగరమునుండి హైదరాబాదునకు సుమారు 50 కిలోమీటర్లు. మన పాఠశాలలో చదివి, యిప్పుడు మాధాపురమందలి కంప్యూటరు కార్యాలయములలో పనిచేయుచున్న పూర్వవిద్యార్థులు క్రిస్మసు దినములలో మమ్ము చూడవచ్చినప్పుడు "ఎజైల్" అను మాటను తఱచుగా వాడుచుందురు. అదేమని తల్లిదండ్రు లడిగినచో చెప్పలేక నవ్వి యూరకుందురు. కావున వారివలన వినియు, చదివియు మేము గ్రహించినంతవఱకు ఆ పద్ధతిని మన పత్రికాపాఠకులకు విశదపఱచ బూనితిమి.

సాఫ్టువేరనగా కంప్యూటరునకు వ్రాసియిచ్చు ఆజ్ఞల సముదాయము. పూర్వము దానిని ఇల్లు కట్టినట్లు కట్టుచుండిరి. మొదట కావలసినవన్నియు వ్రాసికొనుట, పిమ్మట నమూనా, ఆ పిమ్మట నిర్మాణము, కట్టకడపట పరీక్ష. నీరు మెట్టునుండి మెట్టునకు దిగునట్లు పని జరుగుటచే దీనికి జలపాతపద్ధతి యని పేరు వచ్చెను. 1970లో విన్‌స్టన్ రాయిస్ అను అమెరికా ఇంజనీరు ఈ క్రమమును బొమ్మగా గీచి చూపుచునే, పరీక్షను కడపటికి మిగుల్చుట అపాయకరమని హెచ్చరించెను. లోకము బొమ్మను తీసికొని హెచ్చరికను విడిచినది.

దాని ఫలమునకు ఒక్క దృష్టాంతము చాలును. అమెరికా నేరపరిశోధనశాఖయగు ఎఫ్.బి.ఐ. తన కాగితపు దస్త్రములకు మాఱుగా కంప్యూటరు దస్త్రములు పెట్టదలచి 2001లో ఒక పనిని ఆరంభించి, సుమారు 17 కోట్ల డాలర్లు వ్యయమైన పిమ్మట 2005లో దానిని విడిచిపెట్టెను. మరుసటి యేట మొదలైన రెండవ ప్రయత్నమును వెనుకబడగా, 2010లో ఆ శాఖవారే పనిని తమ చేతిలోనికి తీసికొనిరి. కొద్దిమందితో, రెండేసి వారముల భాగములుగా విభజించి, ప్రతి భాగాంతమునను చేసినంతవఱకు చూపుచు, 2012లో దానిని వాడుకలోనికి తెచ్చిరి.

ఇట్టి మార్గమునకు ఎజైల్ అను పేరు 2001 ఫిబ్రవరిలో వచ్చినది. యూటా రాష్ట్రమున స్నోబర్డ్ అను మంచుకొండల విడిదిలో 17 మంది సాఫ్టువేరు నిపుణులు కూడుకొని ఒక చిన్న ప్రకటన వ్రాసిరి. కాగితములు అనవసరమని వారనలేదు. పనిచేయు వస్తువు వానికంటె మేలనిరి. ఒడంబడిక వలదనలేదు, దానిని వాడబోవువానితో మాటలాడుట మేలనిరి. ఇందులో ఒక శాఖకు స్క్రమ్ అని పేరు. అది రగ్బీ ఆటలోని మాట. 1986లో టాకెయూచి, నోనకా అను జపాను పండితు లిరువురు జట్టుపనికి ఆ ఆటను ఉపమానముగా వాడిరి. మన పిల్లలు రగ్బీ నెఱుగరు గాని, కబడ్డీలో పట్టువారు చేతులు కలిపి నిలుచుటను తలచుకొనిన చాలును. స్క్రమ్ జట్టువారు ప్రతిదినమును పదునైదు నిమిషములకు మించకుండ కూడి, నిన్న చేసినదేమి, నేడు చేయబోవునదేమి, అడ్డుపడుచున్నదేమి అని చెప్పుకొందురు. ఆ మూడవదియే ముఖ్యమని మా తలంపు.

గోపురము కట్టువాడు ముందుగా ఖర్చు లెక్కచూచుకొనవలెనను ప్రభువు ఉపమానమునకు ఇది విరుద్ధము కాదా యని సంఘపు పెద్దలొకరు మమ్మడిగిరి. లెక్క మానుమని ఈ పద్ధతి చెప్పదు. రెండు వారముల కొకమాఱు మరల చూడుమనును. అయినను వంతెనకు స్తంభములు నిలిపిన పిమ్మట వెడల్పు మార్చ వీలుగాదు గదా. అన్ని పనులకును ఇది తగదు. మఱియు కొన్ని కార్యాలయములలో ఆ పదునైదు నిమిషములును హాజరుపట్టీగా మాఱినవని పూర్వవిద్యార్థులే విసుగుకొనుచున్నారు.

మేమును దీనిని కొంత పరీక్షించితిమి. మా గ్రంథాలయమునకు పుస్తకముల పట్టికను తొమ్మిదవ తరగతివారిచేత ఎనిమిది నెలలు వ్రాయించితిమి. గ్రంథకర్తల పేళ్ల అక్షరక్రమమున చక్కగా సిద్ధమయ్యెను. మొదటిదినముననే ఆఱవ తరగతి బాలిక యొకతె వచ్చి, అట్టమీద ఏనుగు బొమ్మ యున్న పుస్తకము కావలెననెను. ఎనిమిది నెలల పట్టికలో ఏనుగు లేదు. మొదటి వారముననే ఒక్క బీరువా పట్టికను చిన్నపిల్లలకు చూపియుండినచో ఈ సంగతి అప్పుడే తెలిసియుండును.

మరుసటి సంవత్సరము రెండు వారముల కొక బీరువా చొప్పున, ప్రతి భాగమును చిన్నపిల్లలచేత వాడించి చూచుచు పనిచేయించితిమి. ఉదయప్రార్థన పిమ్మట ఐదు నిమిషములు నిలుచుండి మాటలాడుట నియమముగా పెట్టితిమి. మూడవ వారమున ఒక బాలుడు తలవంచుకొని, ముప్పది పుస్తకములపై సంఖ్యల చీటీలను తప్పుగా అంటించితిననియు, అది మూడు దినములుగా తెలిసియు చెప్పలేదనియు పలికెను. ఎందుకు చెప్పలేదని మేమడుగలేదు. కారణము మా ముఖమేయని మాకు తెలియును; ఇరువది యేండ్లుగా తప్పు కనబడినచోట ఎఱ్ఱసిరాతో గీత గీచి మార్కులు తగ్గించినవారము గదా. అందఱును కలిసి అరగంటలో చీటీలు మార్చిరి. మఱునాడు మఱి యిద్దఱు తమ తప్పులను చెప్పిరి.

ఇప్పటికి ఆఱు బీరువాలు ముగిసినవి. ఏడవదానిలో పాత బైబిలు వ్యాఖ్యానములున్నవి. వానిని వాడువారెవ్వరో కనుగొని, వారికి చూపుచు వ్రాయవలెనని పిల్లలు పట్టుపట్టుచున్నారు. ఆ పాఠకులకొఱకు వెదకుచున్నాము.