ఊరి యెండ – లోకపు వేడి

వేసంగి సాయంకాలమున రచ్చబండ కడ నలుగురు రైతులు చేరినచో, వానల ముచ్చట వెనుకనే యెండల ముచ్చట వచ్చుట సహజము. "మా చిన్ననాట రోహిణి కార్తెలో రోళ్లు పగిలెడివి, ఇప్పటి యెండలు వానికి సాటి వచ్చునా?" అని ఒక పెద్ద అనును. "పగటి మాట యెట్లున్నను, రాత్రులు చల్లబడుట మానినవి గదా, బాబాయీ!" అని నడివయసు రైతు బదులు చెప్పును. "భూమి యంతయు వేడెక్కుచున్నదందురు, మన ఊరిలో ఈ యేడు నిరుటికంటె చల్లగనే యున్నదే!" అని మూడవవాడు సందేహించును. ఈ మువ్వురిలో అసత్యము పలికినవాడు లేడు. అయినను వాదము తెగదు. ఏలయనగా ముగ్గురును మూడు వేరువేరు కొలతలను గూర్చి మాటలాడుచున్నారు.

మొదట కొలత సంగతి చూతము. మనిషి జ్ఞాపకము కఠినమైన యేడులను మాత్రమే దాచుకొనును. సామాన్యమైన యేడులను మరచిపోవును. అందుచేతనే ఉష్ణమాపకము అవసరమైనది. చెన్నపట్టణమున 1796 లోనే వాతావరణ పరిశీలన కేంద్రము నెలకొన్నది. 1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడి, దేశమంతట ఒకే పద్ధతిని నెలకొల్పెను. నేలకు నాలుగడుగుల యెత్తున, గాలి ఆడు తెల్లని చెక్కపెట్టెలో, నీడను ఉష్ణమాపకము నుంచవలెను. ఎండలో వ్రేలాడదీసినది గాలి వేడిమిని గాక తన వేడిమినే చెప్పును.

ఇక లోకమునకంతకు ఒక సగటు కట్టుట యెట్లు? చలికి పేరుపడిన లంబసింగిని, ఎండకు పేరుపడిన రెంటచింతలను కలిపి సగము చేసినచో ఆ అంకెకు అర్థమేమున్నది? శాస్త్రజ్ఞులు అట్లు చేయరు. బడిలోని పిల్లలు ఎదుగుచున్నారా యని తెలిసికొనుటకు, ఎవరి యెత్తును వారి పూర్వపు యెత్తుతోనే పోల్చి చూతుము గదా! అట్లే ప్రతి కేంద్రపు వేడిమిని ఆ కేంద్రపు అలవాటు వేడిమితోనే పోల్చి, ఆ తేడాలను మాత్రమే సగటు కట్టుదురు. 1938లో గై కాలెండరు అను ఆంగ్ల ఇంజనీరు 147 కేంద్రముల లెక్కలను చేతితో కూర్చి, అంతకు ముందటి యేబది యేండ్లలో భూమి వేడెక్కినదని చూపెను. బొగ్గును కాల్చగా వెలువడు బొగ్గుపులుసు వాయువు ఇందుకు కారణమని ఆయన వాదించెను.

నేటి లెక్క ప్రకారము 1850–1900 నాటికంటె 2011–2020 దశాబ్దమున భూమి సగటు వేడిమి సుమారు 1.1 సెంటిగ్రేడు డిగ్రీలు పెరిగినది. సముద్రములపై సుమారు 0.9, నేలపై సుమారు 1.6 డిగ్రీలు. 1901 నుండి 2018 వరకు మన దేశపు సగటు పెరిగినది సుమారు 0.7 డిగ్రీలు. లెక్కల ఆరంభకాలములు వేరైనను, లోకమందలి నేలల సగటుకంటె మన పెరుగుదల తక్కువ యని తెలియుచున్నది. అట్లని లోకపు లెక్క తప్పనరాదు. భూతలమున మన దేశము నూటికి ఒక పాలైనను లేదు.

ఇట్టి వాదమే సముద్రముల కావల కూడ నడచుచున్నది. 1936 వేసవిలో అమెరికా మధ్యరాష్ట్రములలో వడగాడ్పులు చెలరేగి, నాడు నమోదైన గరిష్ఠములు అనేకము నేటికిని చెరగలేదు. ఆ మొక్కజొన్న సీమలో ఇరువదవ శతాబ్ది ఉత్తరార్ధమున వేసవి పగళ్లు వేడెక్కలేదు. అక్కడి రైతు తన చేనిని చూచి "వేడి యెక్కడ?" అని అడుగుటలో వింత లేదు. కాని ఆ చల్లదనమునకు కారణములలో అతని చేనే యొకటి. దట్టముగ పెరిగిన పైరు ఆకులనుండి నీటిని ఆవిరిగా విడిచి గాలిని చల్లబరచును.

మన యింటి మట్టికుండ చేయు పనియు ఇదియే. ఒక గ్రాము నీరు ఆవిరి యగుటకు సుమారు 580 కేలరీల వేడిమిని చుట్టునుండి లాగుకొనును. ధవళేశ్వరపు ఆనకట్ట 1852లోను, బెజవాడ ఆనకట్ట 1855లోను పూర్తియైన పిదప విస్తరించిన మాగాణి యంతయు ఒక పెద్ద కుండ వంటిదే. ఆకాశమున కమ్ముకొను పొగయు ధూళియు కూడ ఎండను కొంత యడ్డగించును. అయితే కాలువ యెండిన యేట ఈ గొడుగు మూతపడును. నీరున్న యేట సైతము చెమ్మ పెరిగిన గాలిలో చెమట ఆరక, నాట్లు వేయు కూలివారికి పగటి పని ప్రాణాంతకము కాగలదు. 2015 వేసవిలో వడదెబ్బకు దేశమున రెండువేలమందికి పైగా మరణించిరి. వారిలో ఎక్కువమంది ఆంధ్ర, తెలంగాణ ప్రాంతములవారు.

ఇప్పుడు రాత్రుల సంగతి. ఫిలిప్పీను దీవులలోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ తన క్షేత్రమునందే వేడిమిని వ్రాసి పెట్టుచు వచ్చెను. 1979 నుండి 2003 వరకు అచట పగటి గరిష్ఠము 0.35 డిగ్రీ మాత్రమే పెరుగగా, రాత్రి కనిష్ఠము 1.13 డిగ్రీలు పెరిగెను. వాన లేని కారు పంటలో రాత్రి కనిష్ఠము ఒక డిగ్రీ పెరిగినప్పుడు ధాన్యపు దిగుబడి నూటికి పదిపాళ్లు తగ్గినట్లు 2004లో ప్రకటించిరి. పైరు పగలు సంపాదించిన పిండిపదార్థములో కొంత రాత్రి శ్వాసకు ఖర్చగును. రాత్రి వెచ్చనైన కొలది ఆ ఖర్చు హెచ్చును. పగటి యెండనే చూచు రైతునకు ఈ నష్టము కంటబడదు. కుప్ప నూర్చిన నాడు కొలతలో తెలియును.

లోకపు లెక్క మన ఊరికేల యను ప్రశ్న మిగిలినది. 1958లో హవాయిలోని మౌనాలోవా కొండపై చార్లెస్ కీలింగు కొలత మొదలిడినప్పుడు పదిలక్షల పాళ్ల గాలిలో బొగ్గుపులుసు వాయువు 315 పాళ్ల చేరువలో ఉండెను. 2024లో 420 పాళ్లు దాటినది. ఈ వాయువు ఏ దేశపు పొగగొట్టమున పుట్టినను లోకమంతట కలిసిపోవును. మన వానలు పుట్టునది మన పొలములో కాదు, సముద్రములపైన. గాలి ఒక డిగ్రీ వేడెక్కినచో నూటికి సుమారు ఏడుపాళ్లు అధికముగ చెమ్మను మోయగలదు. కురిసినప్పుడు కుండపోతగ కురియుటకు ఇది యొక కారణము. ఊరి ఉష్ణమాపకము ఈ సంగతిని ముందుగ చెప్పజాలదు.

అట్లే లోకపు సగటును చూచి దాళ్వా నాట్ల తేదీని నిర్ణయింపలేము. వరి పూతవేళ వేడిమి 35 డిగ్రీలు మించినచో తాలుగింజలు పెరుగును. పూత యే వారమున పడునో, ఆ వారమున మన పొలమున వేడి యెంత యుండునో తెలిసినగాని ప్రయోజనము లేదు. కనుక ప్రతి గ్రామమునను పగటి గరిష్ఠమును, రాత్రి కనిష్ఠమును, వానను ఏటేట వ్రాసి యుంచు పుస్తక మొకటి యుండుట మేలు. పదియేండ్ల వ్రాత ఒక యేటి అనుభవము కంటె, ముప్పదియేండ్ల వ్రాత పదియేండ్ల వ్రాత కంటె విలువైనది.

రచ్చబండ కడ పెద్ద చెప్పినది తన కాలపు కఠినమైన యేడుల మాట. మూడవవాడు చెప్పినది ఒక్క యేటి మాట. రాత్రులను గమనించిన నడివయసు రైతు పైరునకు దగ్గరగా పలికినాడు. అతని మాటను కొలిచి చూచుకొను భారము మాత్రము మువ్వురిదియును.