చెత్త కాదమ్మా, అన్నం!

పోయిన చలికాలం మూడు నెలలు అమెరికాలో మా అమ్మాయి దగ్గరున్నాను. వాళ్లుండేది కాలిఫోర్నియాలోని శాంటా బార్బరాలో. ఆదివారం వచ్చిందంటే పులిహోర డబ్బా, మనవడు, సముద్రపు ఒడ్డు!

కోల్ ఆయిల్ పాయింట్ అనే చోటికి మొదటిసారి వెళ్లినప్పుడు నాకు చిరాకేసింది. ఒడ్డు పొడుగునా గోధుమరంగు నాచు, తాళ్లు పేనినట్టు కుప్పలు కుప్పలుగా. పైన ఈగలు. వాసన సరేసరి. “ఇంత డబ్బున్న దేశంలో ఇది ఊడ్చే దిక్కు లేదా?” అంటూ దుప్పటి పరచడానికి ఓ కుప్పని కాలితో నెట్టాను. పోపులో ఆవాలు పేలినట్టు కిందనుంచి బోలెడు పురుగులు ఎగిరాయి! నేను కెవ్వుమన్నాను, మనవడు కేరింతలు.

“కదపకమ్మా! అది చెత్త కాదు, అన్నం” అంది అమ్మాయి.

ఎవరికట? అలలు తడిపే ఇసుకలో గడ్డిపరకైనా మొలవదు కదా. అక్కడి ప్రాణులకి సముద్రం పంపిందే తిండి. తీరానికి దగ్గర్లో నీళ్లలో కెల్ప్ అనే నాచు అడవిలా పెరుగుతుంది. అన్నీ కుదిరితే రోజుకి రెండడుగులు సాగుతుందట! అలలకి తెగి ఒడ్డుకి కొట్టుకొస్తుంది. నేను పురుగులనుకున్నవి రొయ్యలకి చుట్టాలు. పగలు ఇసుకలో దాక్కుని, రాత్రి పైకొచ్చి నాచు తింటాయి. ఈగలు అందులోనే గుడ్లు పెడతాయి. వీటన్నిటినీ పిట్టలు తింటాయి. మిగిలింది కుళ్లి, ఆ సారం మళ్లీ సముద్రంలోకే.

కాస్త అవతల తాడు కట్టి ఉంది. లోపల పిచ్చుక కంటే కొంచెం పెద్ద పిట్టలు, ఇసుక రంగువి, నాలుగడుగులు పరిగెత్తి టక్కున ఆగి పొడుచుకు తింటున్నాయి. స్నోయీ ప్లవర్లట. బాగా తగ్గిపోతే 1993లో పసిఫిక్ తీరపు ప్లవర్లని ముప్పులో ఉన్నవాటిగా ప్రకటించారు. ఇక్కడైతే ఏళ్ల తరబడి గుడ్లే పెట్టలేదు. జనాన్ని కాస్త దూరం పెట్టాక, 2001లో మళ్లీ పిల్లల్ని చేశాయి.

జెనిఫర్ డ్యూగన్ అనే శాస్త్రవేత్త, ఆవిడ సహచరులు దక్షిణ కాలిఫోర్నియా బీచ్‌లు పరిశీలించి 2003లో రాశారు. యంత్రాలతో నాచు ఊడ్చేసే చోట చిన్న ప్రాణులు తక్కువట. నాచు ఎక్కువున్న చోట ప్లవర్లూ ఎక్కువేనట. ఊడ్చిందే శుభ్రమనుకునే నాలాంటిదానికి ఇది మింగుడుపడటానికి టైం పట్టింది.

విశాఖ తిరిగొచ్చాక ఓ సాయంత్రం బీచ్‌కి వెళ్లాం. రాళ్లమీంచి తెగొచ్చిన పచ్చనాచు, దాని చుట్టూ ప్లాస్టిక్ కవర్లు. పక్కనే ఓ ఇసుకపీత కన్నంలోంచి తొంగిచూస్తోంది. కవర్లు ఏరి సంచిలో వేశాను. నాచు ముట్టుకోలేదు.

“ఎలాగూ వంగావు, అదీ తీసెయ్యకపోయావా?” అన్నారు మావారు.

అక్కడే కూర్చోబెట్టి ఈ కథంతా చెప్పాను.